సంధులు నిలువని నేల

వార్తాపత్రికలో గాజా పేరు గాని జెరూసలేము పేరు గాని కనబడినపుడెల్ల విద్యార్థులు మమ్మడుగు ప్రశ్న యొకటి కలదు. ఇజ్రాయేలీయులును పాలస్తీనీయులును ఇన్నేండ్లుగా ఏల పోరాడుచున్నారు? ఇన్ని దేశములు పూనుకొన్నను, ఇన్ని ఒడంబడికలు వ్రాసికొన్నను, అచ్చట శాంతి ఏల నిలువదు? దీనికి ఒక్క మాటలో బదులు చెప్పువారు చాలమంది కలరు. అది మతకలహమని కొందరందురు. వారి స్వభావమే అంత యని మరికొందరందురు. ఇట్టి సమాధానములు చెప్పుటకు సులభముగా నుండును గాని వినువారి తెలివిని పెంచవు.

ఆ ప్రశ్నకు బదులు వెదకుటకు మనము మొదటనే సముద్రములు దాటి పోనక్కరలేదు. రాయచూరు కోటగుట్ట ఎక్కి నిలుచుండి ఆలోచించిన చాలును. ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర. ఆ రెంటి నడుమ మనమున్న నేల. చరిత్రకారులు దీనికి రాయచూరు అంతర్వేది యని పేరు పెట్టిరి. ఈ నేల కొరకు రెండు రాజ్యములు దాదాపు రెండు వందల యేండ్లు పోరాడినవి. నడుమ నడుమ సంధులు చేసికొన్నవి. ఆ సంధులలో చిరకాలము నిలిచినది ఒక్కటియు లేదు. అవి ఏల నిలువలేదో తెలిసికొన్నచో పాలస్తీన సమస్యలో సగము మనకు బోధపడును. తక్కిన సగము వేరు విధమైనది. ఆ భేదమును గూడ ఈ వ్యాసమున చెప్ప యత్నించెదము.

ఒకే నేలపై పెక్కు హక్కులు

విజయనగర రాజ్యము 1336లోను, బహమనీ రాజ్యము 1347లోను స్థాపింపబడినవి. విజయనగరమువారికి కృష్ణానది సరిహద్దుగా నుండవలెను. బహమనీ సుల్తానులకు తుంగభద్ర సరిహద్దుగా నుండవలెను. ఈ రెండు కోరికల నడుమ చిక్కినదే మన జిల్లా. ఇచ్చటి నల్లరేగడి జొన్నకును ప్రత్తికిని అనువైనది. రాయచూరు, ముద్గల్లు కోటలు ఎవరి చేత నుండునో వారికి ఎదుటివారి రాజధానికి పోవు బాట తెరచియుండును. కావున ఈ నేలను విడుచుట యనగా తమ యింటి తాళపుచెవిని పగవాని చేతికిచ్చుటయే యని ఇరువురును తలచిరి. ఆ భయము ఇరువురియందును నిజమైనదే.

మరి న్యాయముగా ఈ నేల యెవరిది? మన కోటగోడలో నలువది యడుగులకు మించిన పొడవుగల పెద్ద రాయి యొకటి కలదు. దానిపై తెలుగు శాసనము చెక్కబడియున్నది. కాకతీయుల సామంతుడైన గోన గన్నయ రెడ్డి క్రింద పనిచేసిన విఠలుడను సేనాని 1294లో ఈ కోటను కట్టించెనని దాని సారాంశము. ఆ రాతిని బండిమీద తెచ్చిన దృశ్యము గూడ కోటగోడపై చెక్కబడినది. ఆ అక్షరములను చూచినపుడు తెలుగు బిడ్డలకు "ఈ కోట మనది" అనిపించుట సహజము. కాని ఈ జిల్లాలో అంతకంటె పాతవియైన కన్నడ శాసనములు అనేకము కలవు. కోటలోనే సుల్తానుల కాలపు పారసీ, అరబ్బీ శాసనములు కలవు. మస్కి బండపై అశోకుని ప్రాకృత శాసనము వీటన్నిటికంటె ప్రాచీనము. పాత రాతయే భూమికి పట్టాయైనచో ఈ నేలను నేడు ఎవరి కియ్యవలెను?

అందరి శాసనములును నిజమైనవే. అందరి పూర్వులును ఇచ్చట నివసించిరి. అందువలననే పూర్వకాలపు హక్కును చూపి ఒకరిని వెడలగొట్టి మరియొకరిని కూర్చుండబెట్టుట న్యాయము కానేరదు. శాంతికి మొదటి ఆటంకము ఇచ్చటనే కలదు. తన శాసనమును మాత్రమే చదువుకొని, ఎదుటివాని శాసనము లేనట్లుగా భావించుటయే ఆ ఆటంకము.

పగ వెంట పగ

1366లో జరిగినట్లు ఫిరిష్తా వ్రాసిన వృత్తాంతమొకటి కలదు. ఫిరిష్తా బీజాపూరు కొలువులోని చరిత్రకారుడు; సుల్తానుల పక్షమున వ్రాసినవాడు; అతడు చెప్పిన సంఖ్యలను యథాతథముగా నమ్మరాదు. అయినను ఆ కథ నడచిన తీరు గమనింపదగినది. విజయనగర సైన్యము ముద్గల్లు కోటను పట్టుకొని, అందలి కావలివారిని చంపెనట. ఆ వార్త విని మహమ్మదు షా సుల్తాను, లక్షమందిని చంపినగాని కత్తిని ఒరలో పెట్టనని ప్రతిన పట్టెనట. ఆ ప్రతినకు బలియైనవారు ముద్గల్లులో కత్తి పట్టినవారు కారు. దారిలోని పల్లెలలో నాగలి పట్టినవారు.

తుదకు రాయబారులు సుల్తానును వేడుకొనిరి. ఇకమీదట పట్టువడినవారిని గాని ఆయుధములేని ప్రజలను గాని చంపరాదని కట్టుబాటు ఏర్పడెనని ఫిరిష్తాయే వ్రాసెను. ఆరు వందల యేండ్లకు పూర్వము, మన ముద్గల్లు నిమిత్తముగా, నిరాయుధులను రక్షింపవలెనను మాట పుట్టినదన్న సంగతి మనము మరువరానిది. అయితే ఆ మాట ఎల్లప్పుడు నిలువలేదు. 1420లో పానగల్లు యుద్ధమున గెలిచిన విజయనగర సేనలు క్రూరముగా ప్రవర్తించినవనియు, 1423లో అహమ్మదు షా అందుకు ప్రతిగా విజయనగర గ్రామములపై పడి స్త్రీలను బాలురను గూడ వదలలేదనియు అదే గ్రంథము చెప్పుచున్నది. "వారు మొదట చేసిరి" అను మాట ఇరువురికిని ఎప్పుడును సిద్ధముగానే యుండెను. పగను లెక్కించుట ఎచ్చట మొదలుపెట్టుదురో దానినిబట్టి అపరాధి మారిపోవుచుండును. ఇది రెండవ ఆటంకము.

వీడ్కోలులో చెడిన సంధులు

1406లో మొదటి దేవరాయలకును ఫిరోజు షాకును నడుమ యుద్ధము ముగిసి సంధి కుదిరెను. ఫిరిష్తా కథనము ప్రకారము దేవరాయలు తన కుమార్తెను సుల్తానునకిచ్చి పెండ్లి చేసి, బంకాపురమును కట్నముగా నిచ్చెను. సుల్తాను విజయనగరమునకు అల్లుడై వచ్చి, మూడు దినములు విందులారగించెను. తిరిగి పోవునపుడు రాయలు కొంతదూరము సాగనంపి వెనుకకు మరలెను. తన శిబిరమువరకు రాలేదని సుల్తానునకు కోపము కలిగెను. ఈ యవమానమునకు బదులు తీర్చుకొందునని పలికెను. పెండ్లివలన కుదిరిన నెయ్యము వీడ్కోలులో చెడిపోయెను. ఈ వివాహము నిజముగా జరిగెనా యని సందేహించు పండితులు కలరు. కాని అవమానము సంధిని చెరచుననుట మాత్రము నిజమని తరువాతి చరిత్ర నిరూపించినది.

ఒక తరముతో పోవలసిన కలహమును తరువాతి తరమునకు వ్రాసియిచ్చుట మరియొక చిక్కు. సాళువ నరసింహరాయలు మరణించుచు, తాను గెలువలేకపోయిన రాయచూరు, ఉదయగిరి, కొండవీడు కోటలను గెలువవలసినదని తన వెనుకటివారికి అప్పగించెనని న్యూనిజు అను పోర్చుగీసు వర్తకుడు వ్రాసెను. ఆస్తితో పాటు అప్పును పంచియిచ్చినట్లు పగను గూడ పంచియిచ్చిరన్నమాట. ఆ అప్పును తీర్చుటకు కృష్ణదేవరాయలు 1520లో మహాసైన్యముతో మన రాయచూరుపైకి వచ్చెను. ఇస్మాయిల్ ఆదిల్‌షా ఓడిపోయెను, కోట లోబడెను. లొంగిన పట్టణప్రజలను రాయలు దయతో చూచెనని న్యూనిజు వ్రాసెను. ఇది మెచ్చదగిన పని.

తరువాత జరిగినది వేరు. పోగొట్టుకొన్న ప్రదేశములను తిరిగి ఇమ్మని ఆదిల్‌షా రాయబారిని పంపగా, సుల్తాను స్వయముగా వచ్చి తన పాదమును ముద్దుపెట్టుకొన్నచో ఇచ్చెదనని రాయలు బదులు చెప్పెనట. సుల్తాను రాలేదు. రాయలు ముద్గల్లువరకు పోయి వేచి, అచ్చటినుండి బీజాపూరుపైకి నడచెను. పాదము ముద్దు వలన విజయనగరమునకు ఒక్క యెకరమైనను కలిసివచ్చునది కాదు. కాని అది యడిగినందున సంధి మాట వెనుకబడెను. 1529లో రాయలు కీర్తిశేషుడయ్యెను. 1530లో ఇస్మాయిల్ రాయచూరును, ముద్గల్లును మరల పట్టుకొనెను. పది యేండ్ల గెలుపునకు ఎంతమంది ప్రాణములు వెల యైనవో పాఠకులు ఊహించుకొనవచ్చును.

ఇంకొక ఘట్టము. అళియ రామరాయల కుమారుడు చనిపోయినపుడు బీజాపూరు సుల్తాను అలీ ఆదిల్‌షా కొద్దిపాటి పరివారముతో విజయనగరమునకు వచ్చి పరామర్శించెను. రామరాయల పత్ని అతనిని కుమారునివలె ఆదరించెను. శత్రువు శోకమున పాలుపంచుకొనుటకంటె శాంతికి మంచి ముహూర్త మేమి కలదు? కాని అతడు పోవునపుడు రామరాయలు సాగనంపలేదనియు, సుల్తాను ఆ యవమానమును మనసున పెట్టుకొనెననియు ఫిరిష్తా చెప్పెను. కొన్ని యేండ్లకు, 1565 జనవరి 23న, కృష్ణాతీరమున రక్కసగి తంగడి యుద్ధము జరిగెను. రామరాయలు హతుడయ్యెను, విజయనగరము పాడుపడెను. మర్యాదలోపమే ఈ యుద్ధమునకు ఏకైక కారణమని మేము చెప్పుట లేదు. నేలకును కోటలకును సంబంధించిన తగవు లోపల నిలిచియుండగా, పైన జరిగిన ప్రతి యవమానము మంటపై నూనె యైనదని మాత్రము చెప్పుచున్నాము.

మతము ఒక్కటే కారణమా?

ఇవి హిందువులకును మహమ్మదీయులకును నడుమ జరిగిన యుద్ధములని చెప్పుట మనకు అలవాటైనది. సంగతులు ఆ మాటకు పూర్తిగా ఒదుగవు. రెండవ దేవరాయలు తన సైన్యమున మహమ్మదీయ విలుకాండ్రను చేర్చుకొని, వారి మర్యాద కొరకు తన సింహాసనము నెదుట ఖురానును ఉంచెనని ఫిరిష్తా వ్రాసెను. సుల్తానుల కొలువులలో హిందూ ఉద్యోగులును సైనికులును ఉండిరి. తెలుగు కవులు మల్కిభరాముడని కీర్తించిన గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షా యౌవనమున ఏడేండ్లు విజయనగరమున శరణు పొందినవాడే. ఆ కుతుబ్‌షాయే 1565లో రామరాయలకు ఎదురు నిలిచెను. బీజాపూరు, అహమదునగరము, గోలకొండ సుల్తానులు ఒకే మతమువారై యుండియు తమలో తాము నిత్యము పోరాడిరి. మతము పగకు బలమైన భాషగా ఉపయోగపడెను. తగవు మాత్రము నేలకును అధికారమునకును సంబంధించినది.

ఈ కథ యంతటిలో ఒక్కమారైనను మాట యడుగబడనివారు ఒకరు కలరు. వారు ఈ నేలను దున్నినవారు. తరువాతి కాలమునను ఇంతే. 1853లో నిజాము ఇంగ్లీషువారికి ఇయ్యవలసిన సైన్యపు ఖర్చుల బాకీ క్రింద బేరారుతో పాటు ఈ అంతర్వేదిని వారి వశము చేసెను. 1860లో వారు దీనిని తిరిగి యిచ్చిరి. కుదువ పెట్టిన నగవలె మన జిల్లా ఒకరి పెట్టెలోనుండి మరియొకరి పెట్టెలోనికి పోయి వచ్చెను.

యోర్దాను నది ప్రక్కన

ఇపుడు యోర్దాను నదికిని మధ్యధరా సముద్రమునకును నడుమ నున్న నేలను చూతము. అది మన జిల్లాకు దాదాపు మూడింతలుండును. అంతకంటె చాల పెద్దది కాదు. మొదటి ప్రపంచయుద్ధమువరకు అది తురుష్క సామ్రాజ్యమున చేరియుండెను. అచ్చట అరబ్బులు ఎక్కువ, యూదులు తక్కువ. ఐరోపాలో తరతరములుగా హింసింపబడిన యూదులలో, తమ పూర్వుల భూమియందు తమకొక దేశముండవలెనను ఉద్యమము 19వ శతాబ్దము చివర పుట్టెను. 1917 నవంబరు 2న బ్రిటిషు విదేశాంగమంత్రి బాల్ఫోరు పాలస్తీనమున యూదులకు జాతీయగృహ మేర్పడుటకు తోడ్పడుదుమని వాగ్దానము చేసెను. అచ్చటి అరబ్బుల సమ్మతి ఎవరును అడుగలేదు. తరువాత హిట్లరు పాలనలో సుమారు అరువది లక్షలమంది యూదులు చంపబడిరి. మిగిలినవారికి తలదాచుకొను చోటు కావలసివచ్చెను.

1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి ఆ దేశమును రెండు రాజ్యములుగా విభజింపవలెనని తీర్మానించెను. భారతదేశము విభజనకు వ్యతిరేకముగా ఓటు వేసెను. యూద నాయకులు తీర్మానము నంగీకరించిరి. అరబ్బు నాయకులు నిరాకరించిరి. 1948 మే 14న ఇజ్రాయేలు ప్రకటింపబడగా, వెంటనే పొరుగు అరబ్బు దేశముల సేనలు ప్రవేశించెను. ఆ యుద్ధకాలమున దాదాపు ఏడు లక్షలమంది పాలస్తీనీయులు ఇండ్లు వాకిండ్లు వదలిపోవలసి వచ్చెను. వారిని తిరిగి రానీయలేదు. తరువాతి యేండ్లలో అరబ్బు దేశములనుండి లక్షలకొలది యూదులు తమ ఇండ్లను వదలి ఇజ్రాయేలు చేరిరి. 1967 జూనులో ఆరు దినముల యుద్ధమున వెస్టుబ్యాంకు, గాజా, తూర్పు జెరూసలేము ఇజ్రాయేలు వశమైనవి.

మన అంతర్వేదిలో చూచిన ఆటంకములు అచ్చటను కనబడును. యూదుడు తన దేవాలయముండిన జెరూసలేమును తలచును. పాలస్తీనీయుడు తన తాత నాటిన ఒలీవ చెట్లను తలచును. ఇద్దరును సత్యమే చెప్పుచున్నారు. ఎల్ల ఎచ్చట నుండవలెను, జెరూసలేము ఎవరి రాజధాని, కాందిశీకులు తిరిగి రావచ్చునా, ఇజ్రాయేలు ప్రజలకు ప్రాణరక్షణ యేమి, నీరు ఎవరికెంత యనునవి అచ్చటి చిక్కుముడులు. 1993 సెప్టెంబరు 13న ఓస్లో ఒడంబడికపై ఇరుపక్షములును సంతకములు చేసిరి; ఒకరి నొకరు గుర్తించిరి. అది చిన్న సంగతి కాదు. అయితే కఠినమైన ప్రశ్నలన్నియు తరువాతికి వాయిదా వేయబడినవి. ఆ వాయిదాకాలమే శాంతిని కోరనివారికి అవకాశమైనది.

1994 ఫిబ్రవరిలో ఒక యూద తీవ్రవాది హెబ్రోను మసీదులో ప్రార్థన చేయుచున్న 29 మందిని కాల్చి చంపెను. హమాసు మొదలైన దళములు ఇజ్రాయేలు బస్సులలో, వీధులలో బాంబులు ప్రేల్చినవి. 1995 నవంబరు 4న ఇజ్రాయేలు ప్రధాని రబీనును చంపినవాడు అరబ్బు కాడు. సంధిని ద్వేషించిన యూదుడు. అంతకు ముందు 1981 అక్టోబరు 6న, ఇజ్రాయేలుతో సంధి చేసికొన్న ఈజిప్టు అధ్యక్షుడు సాదతును చంపినవారు ఈజిప్టు సైనికులే. శాంతికి పూనుకొన్నవానికి ముందు తన వెనుకనుండియే అపాయము వచ్చునన్నది ఇచ్చట నేర్చుకొనవలసిన విషాద పాఠము.

2023 అక్టోబరు 7న హమాసు గాజానుండి ఇజ్రాయేలుపై దాడిచేసి సుమారు 1,200 మందిని చంపి, సుమారు 250 మందిని బందీలుగా పట్టుకొని పోయెను. ఇజ్రాయేలు గాజాపై చేసిన యుద్ధమున, 2025 అక్టోబరులో కాల్పుల విరమణ కుదురునాటికి 65,000 మందికి పైగా చనిపోయిరని గాజా ఆరోగ్యశాఖ తెలిపెను. వారిలో వేలకొలది పసివారు. ముద్గల్లు కోటలో చంపినవారు ఒకరు, దాని ఫలము ననుభవించినవారు మరియొకరు అని పైన చెప్పితిమి. ఆ మాట ఇచ్చటను వర్తించును.

పోలికకు గల హద్దు

పోలికలను ఎచ్చట ఆపవలెనో తెలిసికొనుట గూడ చదువే. మన అంతర్వేదిలో పోరాడినవారు రాజులు. జెండా మారినను సేద్యగాండ్రు చాలవరకు తమ చేలలోనే నిలిచియుండిరి. పాలస్తీనమున తగవు రాజవంశములది కాదు, రెండు ప్రజలది. ఒక గ్రామముండినచోట ఆ గ్రామస్థులే లేకపోయిరి. కోటను తిరిగి యిచ్చినంత సులభముగా ఇంటిని తిరిగి యియ్యజాలరు. ఎందుకన ఆ యింట మరియొకరి మనుమలు పుట్టి పెరుగుచున్నారు.

మన జిల్లాలోని మరియొక సంగతితో ఈ భేదము స్పష్టపడును. తుంగభద్ర ఎడమ కాలువకు నీరు వచ్చిన తరువాత ఆంధ్ర ప్రాంతమునుండి రైతులు సింధనూరు, మాన్వి వైపులకు వచ్చి భూములు కొని, క్యాంపులు కట్టుకొనిరి. మొదట కొంత అనుమానము, కొంత అసూయ ఉండకపోలేదు. కాని క్యాంపులోనివానికిని ప్రక్క గ్రామములోనివానికిని చట్టము ఒక్కటే, న్యాయస్థానము ఒక్కటే, ఓటు ఒక్కటే. వెస్టుబ్యాంకులో అట్లు కాదు. 1967 తరువాత అచ్చట కట్టిన ఇజ్రాయేలీ నివాసములలోనివారికి ఇజ్రాయేలు పౌరచట్టము వర్తింపగా, ప్రక్కనున్న పాలస్తీనీయులకు సైనిక శాసనము వర్తించుచు వచ్చినది. తూర్పు జెరూసలేముతో కలిపి ఆ నివాసములలోని జనము సుమారు ఏడు లక్షలకు పెరిగినది. రెండు రాజ్యముల కొరకు చర్చించుచుండగా, రెండవ రాజ్య మేర్పడవలసిన నేలయే తరిగిపోవుచుండుట శాంతికి పెద్ద ఆటంకమని ఐక్యరాజ్యసమితి పలుమార్లు చెప్పినది.

నీటి మాటయు అంతే. మాన్వి తాలూకాలోని రాజోలిబండ ఆనకట్ట నుండి కాలువ మన పొలముల మీదుగా సాగి అలంపురము వైపు పోవును. 1976లో బచావతు ట్రిబ్యునలు దాని నీటిలో 15.9 టి.ఎం.సి. దిగువవారికిని, 1.2 టి.ఎం.సి. మనవారికిని కేటాయించెను. ఎండాకాలము వచ్చినపుడు దిగువవారు నీరు చేరలేదని మొరపెట్టుదురు, ఎగువవారు కోపగింతురు. తగవు తీరినదని చెప్పలేము. కాని ఆ తగవు కాగితములమీద, సభలలో, న్యాయస్థానములలో జరుగుచున్నది. ఇరువురికిని వినిపించుకొను చోటు ఒకటి యుండుటవలననే కత్తి అవసరము తప్పినది.

గీత గీసినను మనుష్యులు కదలలేదు

రెండు వందల యేండ్ల యుద్ధములు తీర్చలేని సరిహద్దు ప్రశ్న 1956 నవంబరు 1న మరియొక విధముగా తీరినది. అంతకుముందు, 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరిన సందర్భమున రక్తపాతము జరుగకపోలేదు. తెలుగు రాష్ట్రము కొరకు పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణములనే అర్పించెను. కాని రాష్ట్రముల పునర్విభజన నాడు మన జిల్లాలోనుండి గద్వాల, అలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. తక్కిన జిల్లా మైసూరు రాష్ట్రమున చేరినది. రాయచూరులోని తెలుగువారము ఇటు నిలిచితిమి. అటువైపు కన్నడిగులు కొందరు నిలిచిరి. ఆశాభంగము పొందినవారు రెండు ప్రక్కలను ఉండిరి. అయినను ఆ గీతవలన ఒక్క కుటుంబమును ఇల్లు విడిచి పొమ్మని ప్రభుత్వము చెప్పలేదు. చెల్లెలిని గద్వాలకిచ్చిన అన్న పండుగకు బస్సెక్కి పోయి, మరునాడు తిరిగి వచ్చుచునే యుండెను.

అంతేకాదు. ఆ సంవత్సరమే రాజ్యాంగమున 350ఎ, 350బి అధికరణములు చేర్చబడినవి. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు చదువు చెప్పుటకు ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని మొదటిది చెప్పును. వారి రక్షణలను విచారించుటకు ప్రత్యేకాధికారి యుండవలెనని రెండవది చెప్పును. తమ విద్యాసంస్థలను తామే స్థాపించి నడుపుకొను హక్కును 30వ అధికరణము ముందే ఇచ్చియుండెను. ఈ పత్రిక మీ చేతిలో నున్నదన్న, ఇది తెలుగులో నున్నదన్న, అది ఆ వాక్యముల ఫలమే. వాక్యములు వ్రాసినంత మాత్రమున అన్నియు సమకూరవు. ఉపాధ్యాయుని కొరకు, పుస్తకముల కొరకు మనము అర్జీలు పెట్టుకొను దినములు తల్లిదండ్రు లెరుగనివి కావు. అయినను అర్జీ పెట్టుకొనుటకు చోటుండుట, పెట్టినందుకు భయపడ నక్కరలేకుండుట సామాన్యమైన భాగ్యము కాదు.

మేము చెప్పదలచినది ఇదియే. సరిహద్దు ఎచ్చట గీచితిరన్నది ముఖ్యమే. కాని గీతకు ఆవల చిక్కినవాని గతి యేమన్నది అంతకంటె ముఖ్యము. అతడు తన యింట, తన భాషతో, తన దేవునితో, పొరుగువానితో సమానమైన చట్టము క్రింద, ప్రాణభయము లేకుండ బ్రతుకగలిగినచో ఆ గీత కాలక్రమమున పలుచబడును. బ్రతుకలేనిచో ప్రతి గీతయు మరియొక యుద్ధమునకు పునాది యగును. ఇజ్రాయేలీ తల్లి తన బిడ్డ బస్సెక్కి క్షేమముగా తిరిగి వచ్చునని నమ్మగలుగుట, పాలస్తీనీ తండ్రి తన యిల్లు రేపును తనదే యని నమ్మగలుగుట, ఈ రెండును కలిసి సాధ్యమైననాడు గాని అచ్చటి సంధి నిలువదు. ఒకటి యిచ్చి మరియొకటి మానుటకు వీలులేదు.

మనము చేయగలది యేమి యని విద్యార్థులు అడుగవచ్చును. యోర్దాను తీరపు సంధి మన చేతిలో లేదు. కాని ఎదుటివాని శాసనమును చదువనేర్చుట మన చేతిలో నున్నది. కోటలోని తెలుగు రాతను గర్వముతో చూపు బాలుడు దేవాలయములోని కన్నడ రాతను గూడ చదివి చెప్పగలిగిననాడు, కన్నడ బాలుడు వచ్చి మన రాతలోని అక్షరములను గుర్తించిననాడు, ఈ నేలపై పాత తగవు నిజముగా ముగిసినట్లు. కన్నడమును శ్రద్ధతోను ప్రేమతోను నేర్చుకొనుడు. మన తెలుగును విడువకుడు.

సెలవు దినములలో తల్లిదండ్రులు పిల్లలను మస్కికి తీసికొనిపోవలెనని మా మనవి. కళింగ యుద్ధముతో మనసు మారిన చక్రవర్తి పేరు "అశోకు"డని స్పష్టముగా తెలిపిన శాసనము 1915లో అచ్చట దొరికినది. ధర్మఫలము గొప్పవారికే కాదు, యత్నించినచో చిన్నవారికిని దొరకునని దాని భావము. రాజులు చేసిన సంధులు నిలువని ఈ నేలపై, ఆ బండ మాత్రము రెండు వేల యేండ్లకు మించి నిలిచియున్నది. చిన్నవారైన మీరు దానిని ఒకమారు చూచి రండు.